ఫ్లష్ ట్యాంకు: సైఫన్, ఓవర్‌ఫ్లో

కమోడ్ వెనకనో, ఇండియన్ సీటుకు పైన గోడ మీదనో ఉండి, అడిగినప్పుడు ఒక్క ఊపున నీరు వదిలి, మళ్లీ తనంతట తాను నిండే చిన్న తొట్టి ఫ్లష్ ట్యాంకు. దానిలో జరిగే పనులు మూడు. నీటిని లోపలికి రానిచ్చి, నిండగానే ఆపడం తేలే బంతి ఉన్న కుళాయి, అంటే బాల్ కాక్ పని. ఉన్న నీటినంతా ఐదారు సెకన్లలో బయటికి పంపడం సైఫన్ పని, లేదా అడుగున ఉండే వాల్వు పని. బాల్ కాక్ మొరాయించి నీరు ఆగకుండా వస్తుంటే ఆ అదనపు నీటికి దారి చూపడం ఓవర్‌ఫ్లో పైపు పని. చెరువుకు తూము, అలుగు ఎలాగో ట్యాంకుకు ఈ చివరి రెండూ అలాగ. తూము బిగువుగా మూసుకోకపోతే చెరువులో నీరు నిలవదు, అలుగు లేకపోతే కట్టే నిలవదు.

ఇంత చిన్న తొట్టి మీద దేశదేశాల్లో చట్టాలు వచ్చాయంటే కారణం అది మింగే నీరే. ఇళ్లకు నీటి అవసరం లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 1172 మనిషికి రోజుకు 45 లీటర్లు ఫ్లషింగ్ కిందే రాసుకోమంటుంది. తాగడానికి, వంటకు కలిపి వాడేది దీనితో పోలిస్తే కొంచెమే. పైగా ఇది ట్యాంకు సరిగ్గా పనిచేస్తే అయ్యే ఖర్చు మాత్రమే. కారిపోయేది ఈ లెక్కలోకి రాదు.

సైఫన్ ఎందుకు పారుతుంది

నీళ్లున్న పాత్ర అంచు మీదుగా ఒక గొట్టం వంచి వేసి, దాన్ని నీటితో నింపి, బయటి కొసను పాత్రలోని నీటిమట్టం కంటే కిందికి దించితే నీరు ముందు పైకెక్కుతుంది, వంపు దాటుతుంది, తర్వాత కిందికి పారుతుంది. డ్రమ్ములోంచి కిరసనాయిలు తీసేవాళ్లు గొట్టం కొస నోట పెట్టి పీల్చేది ఆ మొదటి నింపడం కోసమే. ఒకసారి పట్టుకున్నాక మళ్లీ పీల్చనక్కర్లేదు. బయటి కాలు పొడుగు, లోపలి కాలు పొట్టి. పొడుగు కాలిలోని నీరు తన బరువుకు కిందికి దిగుతూ పొట్టి కాలిలోని నీటిని వెంట లాక్కుపోతుంది. పాత్రలోని నీటి మీద బయటి గాలి పీడనం ఒత్తుతూ ఉండటం వల్ల గొట్టంలోని ధార మధ్యలో తెగదు.

నడిపించేది బరువు, తెగకుండా కాచేది గాలి. ఈ తేడా పెద్ద నిఘంటువుకే చాలాకాలం అందలేదు. సైఫన్‌ను నడిపేది వాతావరణ పీడనమని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1911 నుంచి అచ్చువేస్తూ వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో భౌతికశాస్త్రం బోధించే స్టీఫెన్ హ్యూస్ 2010లో ఆ పొరపాటును ఎత్తిచూపాడు. మామూలు నీటితో వంపు ఎత్తు నీటిమట్టానికి సుమారు 10 మీటర్లు దాటితే ధార తెగిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో వంపు కొద్ది సెంటీమీటర్లే పైన ఉంటుంది కనుక ఆ హద్దు ఎప్పుడూ అడ్డురాదు.

ట్యాంకు సంగతికి అక్కరకొచ్చే గుణాలు రెండే. నీరు వంపు దాటేదాకా సైఫన్ మొదలు కాదు. మొదలయ్యాక లోపలికి గాలి దూరేదాకా ఆగదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు అలెగ్జాండ్రియా ఇంజనీరు హీరో తన యంత్రాల పుస్తకంలో సైఫన్లకు మొదట్లోనే చోటిచ్చాడు. మన దేశంలో వాసుదేవ కటోరి అనే పాత్ర ఉంది. వసుదేవుడు పసి కృష్ణుణ్ణి ఎత్తుకుని నిలబడ్డ బొమ్మ మధ్యలో ఉంటుంది. నీరు పోస్తూ పోతే అది పసివాడి పాదం తాకగానే మొత్తం కిందికి కారిపోతుంది. యమున దారి ఇచ్చిందన్న కథను ఆ బొమ్మలో దాచిన వంపు గొట్టం చెబుతుంది. గ్రీసులో పైథాగరస్ పేరు మీద చలామణి అయ్యే గిన్నెలోనూ ఉన్నది ఇదే ఏర్పాటు.

ట్యాంకులో సైఫన్

ట్యాంకులోని సైఫన్ బోర్లించిన ‘యు’ ఆకారంలో ఉంటుంది. పొడుగు కాలు ట్యాంకు అడుగును చీల్చుకుని కింది ఫ్లష్ పైపులోకి దిగుతుంది. పొట్టి కాలు అడుగుకు కాస్త పైన వెడల్పాటి నోటితో తెరుచుకుని ఉంటుంది. ట్యాంకు నిండినప్పుడు కూడా నీరు వంపుకు కాస్త కిందనే ఆగుతుంది. నీటికీ బయటి పైపుకీ మధ్య ఏ మూతా లేదు, ఏ రబ్బరూ లేదు. అయినా ఒక్క చుక్క దిగదు, ఎందుకంటే నీరు కొండ ఎక్కలేదు. సైఫన్ ట్యాంకు గొప్పతనమంతా ఇదే. అరిగిపోవడానికి సీలే లేనప్పుడు సీలు కారే ప్రశ్నే రాదు.

ఆ కొండను ఎక్కించే పద్ధతులు రెండు. పాతది గంట పద్ధతి. పాత రైల్వే క్వార్టర్లు, హాస్టళ్లు, ప్రభుత్వ భవనాల్లో తల మీద ఎత్తున గొలుసు వేలాడుతూ కనిపించే పోత ఇనుప ట్యాంకు ఈ రకానిది. లోపల నిలువు గొట్టం మీద బరువైన ఇనుప గంట బోర్లించి ఉంటుంది. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే పడుతుంది. పడేటప్పుడు గంట కింద చిక్కిన నీరు వేరే దారి లేక గొట్టం అంచు దాటి లోపలికి దూకుతుంది. దాంతో సైఫన్ పట్టుకుంటుంది. అంటే నీరు కదిలేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. గొలుసు పట్టుకుని వేలాడేవాడికి ఆ ట్యాంకు ఎప్పుడూ సరిగా పనిచేసినట్టు అనిపించదు.

తర్వాత వచ్చింది పళ్లెం పద్ధతి. పొట్టి కాలి కింద గిన్నెలాంటి గది, అందులో చిల్లులున్న ఒక పళ్లెం, ఆ చిల్లుల మీద పలుచటి ప్లాస్టిక్ లేదా రబ్బరు రేకు. హేండిల్ నొక్కితే పళ్లెం పైకి లేస్తుంది. పైనున్న నీటి బరువుకు రేకు చిల్లులను మూసేస్తుంది గనుక ఆ నీరంతా ఒక ముద్దగా లేచి వంపు దాటుతుంది. సైఫన్ పట్టుకోగానే కిందినుంచి ఎగదన్నే నీరు రేకును లేపి చిల్లుల గుండా పారుతుంది. ట్యాంకులో మట్టం గది నోటిదాకా దిగాక గాలి దూరి, గుడగుడమని ధార తెగుతుంది. హేండిల్‌ను ఎంతసేపు నొక్కిపట్టినా ఒక ట్యాంకు నీరు, అది పోతుండగా బాల్ కాక్ వదిలే కాస్త నీరు తప్ప ఎక్కువ పోదు.

ఈ రకం సైఫన్‌లో చెడేది ఆ రేకు ఒక్కటే. అది చిరిగితే పళ్లెం లేచినా నీరు చిల్లుల్లోంచి జారిపోతుంది, వంపు దాకా ఎక్కదు. నాలుగైదుసార్లు హేండిల్ కొట్టాక గాని ఫ్లష్ కాదు. విసుగే గాని, నీరు మాత్రం వృథా కాదు. సైఫన్ పాడైతే పని మానేస్తుంది, కారిపోదు. అది పాడైన సంగతి వాడేవాడికి ఆ పూటే తెలుస్తుంది.

లండన్ నీటి కంపెనీల బెడద

ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణికి జ్ఞానపుత్రుడైన సర్ జాన్ హారింగ్టన్ 1596లో అచ్చువేసిన వ్యంగ్య పుస్తకంలో పై తొట్టి, మూత, కింది గిన్నె ఉన్న మరుగుదొడ్డిని బొమ్మతో సహా వర్ణించాడు. రాణికీ ఒకటి అమర్చి ఇచ్చాడు. తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు ఆ ఊసే లేదు. గడియారాల తయారీదారు అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో గిన్నె కింద ‘ఎస్’ వంపు పెట్టి, అందులో నిలిచే నీరు దుర్వాసనను అడ్డుకునేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. తాళాల పనిలో పేరుమోసిన జోసెఫ్ బ్రామా 1778లో దాని వాల్వును మెరుగుపరిచాడు. వీళ్ల దృష్టి అంతా వాసన మీదే. నీరు ఎంత పోతుందన్నది ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నది నీళ్లు అమ్మే కంపెనీలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఊరంతటికీ పైపుల్లో నీరు రావడం మొదలయ్యాక, అడుగున మూత ఉన్న ట్యాంకులు పగలూ రాత్రీ కారడం మొదలెట్టాయి. కొందరు గిన్నె శుభ్రంగా ఉంటుందని హేండిల్‌కు తాడు కట్టి వాల్వును తెరిచే ఉంచేవారు. లండన్‌కు 1871లో వచ్చిన మెట్రోపాలిస్ వాటర్ చట్టం కింద చేసిన నియమాలు ఒక్కో ఫ్లష్‌కు 2 గ్యాలన్లు, అంటే సుమారు 9 లీటర్లు మించరాదన్నాయి. నీటి వృథాను అరికట్టే సాధనం అమర్చడం తప్పనిసరి చేశాయి. ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది సైఫన్. జోసెఫ్ ఆడమ్సన్ 1853లోనే సైఫన్ ఫ్లష్‌కు పేటెంటు తీసుకుని ఉన్నాడు.

ఇక్కడ థామస్ క్రాపర్ పేరు తప్పకుండా వస్తుంది. ఫ్లష్‌ను కనిపెట్టింది ఆయనేనని, దానికి ‘సర్’ బిరుదు వచ్చిందని చెప్పుకుంటారు. రెండూ నిజం కావు. ఆయన సమర్థుడైన ప్లంబర్, అంతకంటే సమర్థుడైన వ్యాపారి. ఆయన సంస్థ అమ్మిన పేరుపొందిన వాల్వు లేని ట్యాంకు మీద 1898 నాటి పేటెంటు ఆల్బర్ట్ గిబ్లిన్ పేరున ఉంది. ఆ ‘వాల్వు లేని’ అన్న మాటే అప్పట్లో ప్రకటనల్లో అమ్మకపు సరుకు.

బ్రిటన్‌లో వంద సంవత్సరాలకు పైగా సైఫన్‌దే రాజ్యం. ఒక్క ఫ్లష్ పరిమాణం 9 లీటర్ల నుంచి 1993లో 7.5కు, 2001 జనవరి 1 నుంచి 6కు దిగింది. 1999లో చేసిన నీటి అమరికల నియమాలు ఇంకొక మార్పు కూడా తెచ్చాయి. 2001 నుంచి అడుగు వాల్వు ట్యాంకులనూ, లోపలికే పొర్లే ఓవర్‌ఫ్లోనూ అనుమతించాయి. నీటిని ఆదా చేయడానికే తెచ్చిన ఆ మార్పు ఫలితం ఏమిటో కింద చూద్దాం.

దానంతటదే మొదలయ్యే సైఫన్

బస్టాండ్లలో, సినిమా హాళ్లలో వరుస యూరినల్స్ మీద ఒక ట్యాంకు ఉండి, ఎవరూ ముట్టుకోకుండానే కొన్ని నిమిషాలకోసారి కుమ్మరించేది. అందులో కరెంటూ లేదు, తేలే బంతీ లేదు. సన్నటి ధార నిరంతరం పడుతూ ఉంటుంది. మట్టం వంపు దాకా వస్తుంది, సైఫన్ పట్టుకుంటుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది, మళ్లీ నిండడం మొదలవుతుంది.

వినడానికి తేలికగా ఉన్నా చేయడం కష్టం. నీరు మెల్లగా ఎక్కి వచ్చినప్పుడు వంపు మీదుగా గొట్టం గోడకు అంటుకుని సన్నగా జారిపోతుంది. గొట్టం నిండదు, గాలి బయటికి పోదు, సైఫన్ పట్టుకోదు. వచ్చిన నీరు వచ్చినట్టే కారుతూ ఉంటుంది. ఆంగ్ల ఇంజనీరు రోజర్స్ ఫీల్డ్ దీనికి ఉపాయం పన్నాడు. వంపు దాటిన నీరు గోడను తాకకుండా గొట్టం నడుమ పడేలా పైన ఒక పెదవి తీర్చాడు. అలా పడే నీరు గాలి బుడగలను వెంటబెట్టుకుని కిందికి దిగుతుంది. గొట్టం కింది కొస నీటిలో మునిగి ఉండటం వల్ల పోయిన గాలి తిరిగి రాలేదు. కాసేపటికి లోపల గాలి పలచబడి సైఫన్ దానంతటదే పట్టుకుంటుంది. 1878లో పచ్చజ్వరంతో అల్లాడిన అమెరికా పట్టణం మెంఫిస్‌లో 1880లో జార్జ్ వేరింగ్ మురుగు కాలువల వ్యవస్థ కట్టినప్పుడు ఒక్కో శాఖ మొదట్లో ఫీల్డ్ ట్యాంకు పెట్టించాడు. రోజూ ఒకసారి అది ఒక్క పెట్టున నీరు వదిలి పైపును కడిగేది.

ఈ సూత్రాన్నే ఊరంత ఎత్తున చూడాలంటే తెలంగాణలోని వనపర్తి జిల్లాకు వెళ్లాలి. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టిన సరళాసాగర్‌కు 1949లో పునాది పడింది, 1959లో అది పూర్తయింది. దాని మత్తడికి, అంటే అలుగుకు, గేట్లు లేవు, వరుసగా సైఫన్లు ఉన్నాయి. జలాశయం నిండి మట్టం హద్దు దాటగానే అవి పట్టుకుని జోరుగా నీరు దుంకిస్తాయి. మట్టం దిగి గాలి దూరగానే ఆగిపోతాయి. రాత్రివేళ వరద వస్తే లేచి గేటు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు. మామూలు మత్తడి మీద నీరు ఎంత ఎత్తు పొర్లితే అంతే జోరు. సైఫన్‌కైతే వంపు నుంచి కింది నోటి దాకా ఉన్న ఎత్తంతా జోరవుతుంది. తూముకూ మత్తడికీ తేడా చెరిపేసిన కట్టడం ఇది. 2019 డిసెంబరు 31న దీని మట్టికట్ట ఒకచోట తెగింది.

అడుగు వాల్వు

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో కొత్తగా పెట్టే ట్యాంకుల్లో ఎక్కువ భాగం సైఫన్ లేనివే. అడుగున గుండ్రటి రంధ్రం, దాని మీద రబ్బరు సీలు, మధ్యలో నిలువు గొట్టం. బటన్ నొక్కితే సీలు లేస్తుంది, నీరు సూటిగా దిగుతుంది. ఎక్కాల్సిన కొండ లేదు గనుక ధార వెంటనే, జోరుగా మొదలవుతుంది. తక్కువ నీటితో గిన్నె కడగాలంటే ఆ జోరు అవసరం. తల మీద 2 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి వేగం, రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే, సెకనుకు 6 మీటర్ల పైచిలుకు. కమోడ్ వీపుకు ఆనుకున్న ట్యాంకులో 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగితే 2.4 మీటర్లే. ఎత్తు పోగొట్టుకున్న ట్యాంకు దాన్ని వెడల్పుతో పూడ్చుకోవాలి. అందుకే ఎత్తు ట్యాంకు నుంచి దిగే పైపు సన్నం, కింది ట్యాంకుది లావు.

అమెరికాలో ఈ సీలు బిళ్లలా మడత మీద లేస్తుంది. దాని కింది బొడిపెలో చిక్కిన గాలి వల్ల నీరు దాదాపు దిగేదాకా తేలుతూ ఉండి, చివర కూలబడుతుంది. అక్కడ 1992 నాటి ఇంధన విధాన చట్టం 1994 నుంచి ఇళ్లకు అమ్మే కమోడ్లకు ఫ్లష్‌కు 1.6 అమెరికన్ గ్యాలన్ల, అంటే 6 లీటర్ల హద్దు పెట్టింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు మొదట వింతగా తోచే సంగతి ఒకటుంది. కమోడ్ గిన్నెలో నీరు చాలా పైదాకా నిలిచి ఉంటుంది, ఫ్లష్ చేస్తే సుడి తిరిగి చివర గటగటమని పీల్చుకుపోతుంది. అక్కడ ట్యాంకులో సైఫన్ లేదు, గిన్నె వెనక వంపులో ఉంది. మన దగ్గరా, ఐరోపాలోనూ ఎక్కువగా వాడే గిన్నె నీటి తోపుతో కడుక్కునేదే.

రెండు బటన్ల పద్ధతి ఆస్ట్రేలియాది. కరోమా సంస్థలో బ్రూస్ థాంప్సన్ 1980ల తొలినాళ్లలో తీర్చిన నమూనా పెద్ద ఫ్లష్‌కు 11 లీటర్లు, చిన్నదానికి 5.5 లీటర్లు వాడేది. క్రమంగా అది 6, 3 లీటర్లకు దిగింది. మన బజారులో దొరికే రెండు బటన్ల ట్యాంకులకూ మూలం ఇదే. సైఫన్‌తోనూ ఈ పని చేయొచ్చు. సగం ఎత్తులో గాలి రంధ్రం పెట్టి, అవసరమైతే అది తెరుచుకునేలా చేస్తే ధార సగంలోనే తెగుతుంది.

అసలు ట్యాంకే అక్కర్లేదన్న దారి కూడా మన దేశంలోంచే వచ్చింది. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ రూపొందించిన సీటుకు ఏటవాలు ఎక్కువ. దాని వంపులో నిలిచే నీరు 20 మిల్లీమీటర్ల లోతే. మగ్గుతో పోసే ఒకటిన్నర రెండు లీటర్లు దానికి చాలు.

ఓవర్‌ఫ్లో: కనబడే దారి, కనబడని దారి

బాల్ కాక్ తప్పక ఎప్పుడో ఒకనాడు చెడుతుంది. వాషర్ అరుగుతుంది, ఇసుక రేణువు చిక్కుతుంది, బంతికి చిల్లిపడి నీరు చేరుతుంది. ఓవర్‌ఫ్లో అందుకోసమే. పూర్తిగా తెరుచుకుపోయిన బాల్ కాక్ నుంచి వచ్చే నీటినంతా మోయగలిగితేనే దాన్ని ఓవర్‌ఫ్లో అనాలి. అందుకే వచ్చే పైపు కంటే పోయే పైపు లావుగా ఉండాలన్న నియమం. బ్రిటన్‌లో దానికి కనీసం 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం కోరేవారు. మామూలు నీటిమట్టం ఓవర్‌ఫ్లో అంచుకు కనీసం 25 మిల్లీమీటర్లు కింద ఉండాలి. సైఫన్ ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచు సైఫన్ వంపు కంటే కూడా కిందే ఉండాలి. కింది నుంచి పైకి వరుస ఇది: నీటిమట్టం, ఓవర్‌ఫ్లో, వంపు. ఓవర్‌ఫ్లో పైపు పూడుకుపోయినా నీరు వంపు మీదుగా గిన్నెలోకి జారుతుంది.

పాత పద్ధతిలో ఓవర్‌ఫ్లో పైపు గోడలోంచి బయటికి వచ్చి, వీధిలో పోయేవాళ్లకు కూడా కనిపించేలా నీరు చిమ్మేది. ఇంగ్లండులో దానికి హెచ్చరిక పైపు అని పేరు. మన పాత క్వార్టర్లలో గోడ మీద పచ్చటి నాచు చార దిగిన చోట పైన ఇలాంటి పైపే ఉంటుంది. గోడ పాడవుతోందని ఇంటాయన అరిచేవాడు, ప్లంబర్ వచ్చేవాడు. కొత్త పద్ధతిలో ట్యాంకు మధ్యనున్న నిలువు గొట్టం పైన నోరు తెరుచుకుని ఉంటుంది. అదే ఓవర్‌ఫ్లో. ఎక్కువైన నీరు దానిలోంచి గిన్నెలోకి, అక్కడినుంచి డ్రైనేజీలోకి చప్పుడు లేకుండా పోతుంది. గోడ తడవదు, నేల తడవదు, ఎవరికీ తెలియదు.

మొత్తం కథలో నాకు పెద్ద మలుపుగా కనిపించేది ఇదే. 2001లో బ్రిటన్‌లో అడుగు వాల్వును తెచ్చారు, అది కారడం సహజం. అదే సమయంలో ఓవర్‌ఫ్లోను లోపలికి తిప్పి కారినట్టు తెలిసే దారి మూసేశారు. ఏ ఒక్కటి చేసినా పెద్ద నష్టం ఉండేది కాదు. బ్రిటన్‌లో నీటి పొదుపు కోసం పనిచేసే వాటర్‌వైజ్ సంస్థ 2020లో వేసిన అంచనా ప్రకారం ఆ దేశంలో టాయిలెట్ల నుంచి రోజుకు 40 కోట్ల లీటర్ల నీరు కారిపోతోంది. ఫ్లష్‌కు లీటరున్నర తగ్గించి మిగిల్చింది అలా గొట్టంలోంచి పోతోంది. సైఫన్‌ను తీసేసి ఉండాల్సింది కాదని నేననను. ఓవర్‌ఫ్లోను మాత్రం దాచకుండా ఉండాల్సింది.

మన లెక్కలో చెప్పాలంటే, నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు కారే ట్యాంకు రోజుకు 144 లీటర్లు పోగొడుతుంది. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు వారంలో పోతుంది. ఆ నీటిని సంపులోంచి పైకి తోడిన మోటారు కరెంటు అదనం.

రాకూడని చోట సైఫన్

సైఫన్ పట్టుకోవడానికి వంపు గొట్టం, నీరు, ఎత్తు తేడా చాలు. అక్కర్లేని చోటా పట్టుకుంటుంది. బాల్ కాక్ నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం ఓవర్‌ఫ్లో నోట్లోకి వేసి ఉండటం కొన్ని ట్యాంకుల్లో కనిపిస్తుంది. ఫ్లష్ తర్వాత గిన్నె వంపులో నీరు తిరిగి నింపడం దాని పని. దాని కొసను క్లిప్పుతో ఓవర్‌ఫ్లో అంచుకు పైన ఆపాలి. ప్లంబర్ తొందరలో దాన్ని లోపలికి చాలా దూరం దోస్తే అది బుల్లి సైఫన్‌గా మారి ట్యాంకు నీటిని నెమ్మదిగా లాగేస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా ఆ కారుడు ఆగదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది వెనక్కి పీల్చుకోవడం. బాల్ కాక్ నుంచి నీరు చప్పుడు చేయకుండా దిగాలని దాని నోటికి గొట్టం తగిలించి కొసను నీటిలో ముంచితే, పైపులో పీడనం పడిపోయినప్పుడు ట్యాంకు నీరు వెనక్కి సరఫరా పైపులోకి వెళ్లే వీలుంది. మున్సిపల్ నీరు గంటల లెక్కన వచ్చే మన ఊళ్లలో పైపులు ఖాళీ అయ్యే వేళలు చాలా ఉంటాయి కనుక, మున్సిపల్ పైపును సూటిగా ఫ్లష్ ట్యాంకుకు కలిపిన ఇళ్లలో ఇది ఊరికే భయం కాదు. నీరు వచ్చే నోరు ఎప్పుడూ ఓవర్‌ఫ్లో మట్టానికి పైన, మధ్యలో గాలి ఉండేలా ఉండాలి.

ఇక్కడి నీరు, ఇక్కడి పీడనం

ఫ్లష్ ట్యాంకుల మీద భారత ప్రమాణాలు ఐఎస్ 774, ప్లాస్టిక్ వాటికి ఐఎస్ 7231. బాల్ కాక్‌కు ఐఎస్ 1703. ఇవి సరుకు నాణ్యత చెబుతాయి. ఇంట్లో అది ఎలా నడుస్తుందన్నది మాత్రం డాబా మీది ట్యాంకు ఎత్తు నిర్ణయిస్తుంది. 10 మీటర్ల ఎత్తు నీరు ఒక బార్ పీడనం. పై అంతస్తు వాళ్లకు డాబా ట్యాంకు రెండు మూడు మీటర్లే పైన ఉంటుంది. అంత తక్కువ పీడనానికి కొన్ని కొత్తరకం బాల్ కాక్‌లు మందకొడిగా నింపుతాయి. పదంతస్తుల అపార్టుమెంటులో కింది ఫ్లాటుకు అదే నీరు 3 బార్లతో వస్తుంది. అక్కడ అరిగిన వాషర్ నీటిని ఆపలేదు. రాత్రి ఎవరూ కుళాయి తిప్పనప్పుడు పైపుల్లో పీడనం కాస్త పెరుగుతుంది గనుక పగలు కారని బాల్ కాక్ రాత్రి కారుతుంది.

రెండో శత్రువు బోరు నీటి గట్టిదనం. తెల్లటి సున్నపు పొర సీలు మీద, దాని కింది అంచు మీద పేరుకుంటే రబ్బరు అతుక్కోదు. నిమ్మఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు నానబెట్టి తుడిస్తే చాలావరకు పోతుంది. గట్టి బ్రష్షుతో గీకితే అంచు మీద గీతలు పడి అసలుకే మోసం వస్తుంది.

గోడ లోపల దాచే ట్యాంకులకూ ఇదే నీరు, ఇవే సీళ్లు. వాటికి బటన్ పలకే తలుపు. ఆ పలక తీసి లోపలి భాగాలన్నీ బయటికి లాగే వీలుందో లేదో టైల్స్ వేయకముందే చూసుకోవాలి.

ట్యాంకు కారుతోందేమో తెలుసుకోవడానికి వంటింటి ఫుడ్ కలర్ నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉండాలి. గిన్నెలో రంగు కనిపిస్తే కారుతున్నట్టే. అప్పుడు రాత్రి ట్యాంకుకు నీరు వచ్చే యాంగిల్ కాక్ మూసి, ట్యాంకు లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. తెల్లారేసరికి నీరు గీత కిందికి దిగి ఉంటే అడుగు సీలు మార్చాలి. నీరు గీత దగ్గరే నిలిచి ఉంటే తప్పు బాల్ కాక్‌ది. వాషర్ మార్చమనో, బంతిని కాస్త కిందికి దించమనో ప్లంబర్‌కు చెప్పండి.